మాక్‌బెత్‌లో ఆ పిల్లకి మార్కులు తగ్గించింది నేనే. తప్పు నటనదా, ఫోన్ టార్చిదా?

పాతపోస్టాఫీసు:

అందరికీ నమస్కారం. ఎప్పుడూ చదివి వెళ్ళిపోయే రకాన్ని. ఈసారి నాకే ఒక ముల్లు గుచ్చుకుంది, తీయించుకుందామని రాస్తున్నాను.

పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఆఫీసులో ఉద్యోగం, వయసు 56. కుర్రతనంలో పరిషత్తు నాటికలు ఆడాను, పెళ్ళయ్యాక మానేశాను. ఆ పాత పరిచయాల మీద, కిందటి వారం విశాఖలో సిరిపురం వైపు ఒక హాల్లో జరిగిన కాలేజీ నాటక పోటీలకి నన్ను ముగ్గురు జడ్జీల్లో ఒకడిగా కూర్చోబెట్టారు. శాలువా, మజ్జిగ ప్యాకెట్టు, మార్కుల షీటు. షీట్లో గళ్ళు మీకు తెలిసినవే: నటన, దర్శకత్వం, రంగాలంకరణ, ఆహార్యం, లైటింగు, సంగీతం.

ఆఖరి నాటకం మాక్‌బెత్, భార్య ఎగదోస్తే రాజుని చంపి తనే రాజయ్యే సేనాని కథ. షేక్‌స్పియర్ 1606 ప్రాంతంలో రాసిన దాన్ని 90 నిమిషాలకి కుదించి, స్కాట్లండు కోటల్లోంచి లాక్కొచ్చి మన ఫిషింగ్ హార్బర్లో పెట్టారు. డంకన్ రాజు ఇక్కడ పది సోనా బోట్లున్న పెద్ద షావుకారు. మాక్‌బెత్ ఆయన బోటు నడిపే సరంగు. పాత్రల పేర్లన్నీ మార్చారు కానీ గందరగోళం ఎందుకని నేను పాత పేర్లే వాడతాను. కథ జరిగేది వేట నిషేధం రోజుల్లో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. బోట్లన్నీ ఒడ్డునే. మగాళ్ళకి పని లేదు, వడ్డీలు మాత్రం పెరుగుతూనే ఉంటాయి. ఆ 61 రోజుల్లో ఖాళీగా కూర్చున్న మనిషి బుర్రలోకి ఏమేం దూరతాయో హార్బర్ పక్కన పనిచేసేవాడిని కాబట్టి నాకు కొంచెం తెలుసు. తెర లేచిన అయిదు నిమిషాలకే నేను వాళ్ళ పక్షం అయిపోయాను.

ముందు బాగున్నవి చెప్తాను. స్టేజీకి ఎడమ పక్కన ఒక బడ్డీకొట్టు పెట్టారు. దాని మీద మనం రోజూ చూసే బోర్డే, 'అరువు రేపు'. మొదటి గంటసేపు అది ఊరికే బోర్డు. చివర్లో భార్య చనిపోయిందన్న కబురు వచ్చాక, మాక్‌బెత్ వేసిన కుర్రాడు ఆ కొట్టు ముందు నిలబడి బోర్డు పైకి చదివాడు. "రేపు." కొట్లో కూర్చున్నవాడితో అన్నట్టే అన్నాడు, జనం చిన్నగా నవ్వారు. రెండోసారి "రేపు" అన్నప్పుడు గొంతులో చదవడం పోయింది, లెక్కపెట్టడం వచ్చింది. మూడోది నాకు సరిగ్గా వినపడలేదు, పెదవులు కదిలాయంతే. హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు వినపడింది. ఒక్కో రోజూ కాళ్ళీడ్చుకుంటూ వచ్చి మనిషిని మట్టి దాకా సాగనంపే ఆ రేపుల్ని ఇంతకన్నా తెలుగులోకి తేవడం నా చేతనైతే కాదు. కాలర్ మైకు చొక్కాకి రాసుకుని గరగరమంది, అయినా ఆ కుర్రాడికి నటనలో 20కి 17 వేశాను.

విందు సీను ఫంక్షన్ హాల్లో పెట్టారు. తెల్ల కవరు తొడిగి వెనక ఎర్ర రిబ్బను ముడేసిన ప్లాస్టిక్ కుర్చీలు. బాంకో అంటే మాక్‌బెత్ చంపించిన స్నేహితుడు. వాడి దెయ్యం కోసం మనిషినేం తేలేదు, ఒక కుర్చీకి మాత్రం కవరు లేదు. అంతే. నాకు ఒళ్ళు జలదరించింది.

దెయ్యాలంటే గుర్తొచ్చింది, ముగ్గురు మంత్రగత్తెల్ని జెట్టీ మీద ఎండుచేపలమ్మే ముసలమ్మల్ని చేశారు. చీకట్లో కూర్చుని అడ్డపొగ పీలుస్తుంటారు, అంటే చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. ఒకత్తె నోరు తెరిస్తే లోపల ఎర్రగా వెలుగుతుంది. నిజం చుట్ట కాదులెండి, చిన్న ఎర్ర బల్బేదో పెట్టుకున్నారు. రంగాలంకరణలో నేను పూర్తి మార్కులు వేసింది ఆ నోళ్ళకే.

అతకనివి రెండు. ఒకటి, షావుకారు హత్యని సీసీటీవీ ఫుటేజీలాగా వెనక తెర మీద చూపించారు. షేక్‌స్పియర్ ఆ హత్యని స్టేజీ మీద చూపించడు. మనకి కనపడేది లోపల్నించి బయటికొచ్చిన చేతులు మాత్రమే. తెర మీద కత్తిపోట్లన్నీ చూసేశాక ఇంక ఆ చేతుల్ని చూసి ఊహించుకోవడానికి నాకేం మిగిలింది? రెండోది, 'ఆడది కన్నవాడెవడూ నిన్నేం చెయ్యలేడు' అన్న జోస్యం. పగవాడు మక్‌డఫ్ వచ్చి, నేను తల్లి కడుపు కోసి తీసినవాణ్ణి అనగానే మాక్‌బెత్ కుప్పకూలాలి. నా వెనక వరసలో ఒకావిడ, "మా ఇద్దరూ ఆపరేషన్లే కదండీ" అంది పక్కావిడతో. రెండు వరసలు నవ్వాయి. ఆ రోజుల్లో కడుపు కోసి బిడ్డని తీయడమంటే దాదాపు తల్లి పోవడమే కాబట్టి ఆ మాటకి అంత బరువు. ఇప్పుడు అది డిశ్చార్జి కాగితం మీద ఒక లైను. కథని ఇప్పటికి తెచ్చినవాళ్ళు ఈ ముడిని ఎలా విప్పాలో ఆలోచించినట్టు లేరు.

ఇక అసలు సంగతి, మాక్‌బెత్ భార్య లేడీ మాక్‌బెత్ నిద్రలో నడుస్తూ, చేతుల మీద లేని నెత్తురు మరకని కడుక్కునే సీను.

మూలంలో ఆమె చేతిలో కొవ్వొత్తి ఉంటుంది. పక్కన ఎప్పుడూ దీపం ఉండాల్సిందేనని ఆమె ఆజ్ఞ. డాక్టరూ పనిమనిషీ చాటునుంచి చూస్తుంటారు. ఇక్కడ కొవ్వొత్తికి బదులు ఫోన్ టార్చి. పనిమనిషి, "టార్చి ఆర్పనివ్వదండీ, ఛార్జింగ్ అయిపోతే నిద్రలోనే ఏడుస్తుంది" అంటుంది. ఆ ముక్క ఎవరు రాశారో గానీ బాగా రాశారు. హాలంతా చీకటి. ఆ పిల్ల నైటీలో, జుట్టు విరబోసుకోకుండా (దండం పెట్టాలనిపించింది), మామూలుగా బాత్రూంకి లేచిన మనిషిలా నడిచొచ్చింది. నడక చాలా బాగుంది. కానీ ముఖం కనపడలేదు. టార్చి ముందుకి వెలుగుతుంది కదా, పట్టుకున్నవాళ్ళు చీకట్లోనే ఉంటారు. స్టేజీకి నల్లరంగు, ఆ వెలుగు కాస్తా నేల తాగేసింది. తర్వాత ఫోన్ కింద పెట్టి, నైటీ జేబులోంచి శానిటైజర్ సీసా తీసింది. కిచ్, కిచ్, కిచ్ అని మూడుసార్లు నొక్కి చేతులు రుద్దుకుంది. మూడో కిచ్‌కి జనం పగలబడి నవ్వారు. "ఈ చేతి నీచు ఏ సెంటుకీ పోదే" అన్న మాట ఆ నవ్వులో కొట్టుకుపోయింది. అరేబియా అత్తర్లన్నీ పోసినా ఈ చిన్న చేతికి వాసన పోదన్న మాటని 'నీచు'లోకి దింపారు చూడండి, అలాంటి మాట నవ్వులో పోవడం నాకు కడుపులో కలుక్కుమంది.

నా నోట్‌బుక్కులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "ముఖాభినయం తెలియలేదు. చూపు కిందకి జారుతోంది, దేన్ని చూస్తోందో స్పష్టత లేదు. నవ్వుని అదుపు చెయ్యలేకపోయింది. 11." పక్కన కూర్చున్న జడ్జీగారు 17 వేశారు. ఆయన లెక్క, నడక ఒక్కటి చాలు. మూడో ఆయన 12. మొత్తమ్మీద ఉత్తమనటి ఆ పిల్లకి రాలేదు. మామధ్య ఆరు మార్కుల దాకా తేడా.

ఇంటికొచ్చాక నిద్రపట్టలేదు. ఎందుకంటే చాలా ఏళ్ళ కిందట ఒక పరిషత్తులో నాకూ ఇదే జరిగింది. ఎదురుగా స్పాట్ లైటు సరిగ్గా కళ్ళలోకి పెట్టారు, ఎదుటి పాత్రధారి ఎక్కడున్నాడో కనపడక గొంతుని బట్టి తల తిప్పాను. న్యాయనిర్ణేత 'చూపు నిలకడ లేదు' అని రాశాడు. ఆ కాగితం ఇప్పటికీ ఉంది నా దగ్గర.

అందుకే అడుగుతున్నాను. ముఖం మీద వెలుగే లేనప్పుడు నటనకి మార్కులు ఎలా వెయ్యాలి? నవ్వు తెప్పించింది సీసా అయినప్పుడు ఆ లెక్క ఎవరి గడిలో రాయాలి? ఆ చీకట్లో కూడా గొంతుతోనో వీపుతోనో పలికించాల్సిన బాధ్యత నటికి లేదా? ఊరికే ఓదార్చకండి, నాటకం తెలిసినవాళ్ళు చెప్పండి.

వాల్తేరు ఇంగ్లీషు మేడం:

సార్, మీ సందేహానికి రెండొందల ఏళ్ళు దాటిన ఒక జవాబుంది. 1785లో లండన్ డ్రూరీ లేన్‌లో సారా సిడన్స్ అనే నటి ఇదే పాత్ర వేసింది. ఆమెకి ముందు ఈ పాత్రలో పేరు తెచ్చుకున్నది మిసెస్ ప్రిచర్డ్. ఆవిడ ఆ సీనంతా కొవ్వొత్తి చేతిలోంచి దించేది కాదు. సిడన్స్‌కి అది కుదరలేదు. చేతులు కడుక్కోవాలంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కదా అని కొవ్వొత్తి కింద పెడతానంది. థియేటర్ నడిపే షెరిడన్ మేకప్ గదికొచ్చి, వద్దు, జనం ఒప్పుకోరు అని బతిమాలాడు. ఆవిడ వినలేదు, పెట్టేసింది. ఆట అయ్యాక ఆయనే వచ్చి నువ్వే కరెక్టని అభినందించాడు.

ఈ కథ ఎందుకంటే, ఈ సీన్లో దీపం ఎక్కడుండాలన్నది అప్పుడూ నటి కడుపులోంచి వచ్చిన ప్రశ్నే. లైటింగు గడి వేరు, నటన గడి వేరు అని షీటు వేసినవాళ్ళు అనుకోవచ్చు, ఆ పాత్ర వేసేవాళ్ళకి అలా కుదరదు. కొవ్వొత్తి నాలుగు వైపులా వెలుగిస్తుంది, కింద పెట్టినా ముఖం మీద కొంత పడుతుంది. టార్చి ఒక్కవైపే. కొవ్వొత్తి తీసి టార్చి పెట్టినప్పుడు వస్తువు మారిందనుకున్నారు, వెలుగు దిక్కు మారిందని చూసుకోలేదు. అది దర్శకుడి గడిలో పడాల్సిన తప్పు. నేనైతే ఆ పిల్లకి 15 వేసి, దర్శకత్వంలో రెండు కోసేదాన్ని.

అయితే మీ నోట్‌బుక్కులో ఒక వాక్యం మీద నాకు అభ్యంతరం ఉంది. చూపు దేని మీదుందో స్పష్టత లేదన్నారు. డాక్టరు ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయంటాడు, పనిమనిషి అవునుగానీ చూపు మూసుకుపోయిందంటుంది. అలాంటి మనిషి దేన్నో స్పష్టంగా చూస్తే అదీ తప్పే.

ఇంకోటి, మీరు రాయలేదు గానీ హత్య అవ్వగానే బయట ఎవరో తలుపు కొట్టే చప్పుడు ఏం చేశారు? మా అమ్మాయి కూడా ఆ నాటకం చూసింది, స్టీలు స్టూలు మీద ఫోన్ వైబ్రేషన్ పెట్టారంది. నాకు నచ్చలేదు. ఆ తలుపు చప్పుడు గురించి డిక్విన్సీ అనే ఇంగ్లీషు రచయిత 1823లో ఒక వ్యాసమే రాశాడు. హత్య జరుగుతున్నంతసేపూ లోకం ఆగిపోతుంది, చప్పుడుతో మళ్ళీ మనుషుల లోకం మొదలవుతుంది, అప్పుడే మనకి భయం తెలుస్తుందంటాడు. ఫోన్ మోగితే సైలెంటులో పెట్టేస్తాం. తలుపు కొడుతుంటే అవతల ఒక మనిషి నిలబడి ఉన్నాడు, తియ్యక తప్పదు.

గళమెత్తినవాడు:

మా రోజుల్లో స్టేజీ మీద నిలబడితే ఆఖరి వరసకి వినపడేది, కాలర్ మైకు లేదు, గరగరా లేదు. సరే, అది వదిలేయండి.

సీసీటీవీ సంగతి మాత్రం ఒప్పుకోను మాస్టారూ. చావు స్టేజీ మీద చూపించకూడదని మన పాత లాక్షణికులూ అన్నారు. అన్నాక కూడా భాసుడు తన సంస్కృత నాటకం ఊరుభంగంలో తొడలు విరిగిన దుర్యోధనుణ్ణి జనం ఎదుటే ప్రాణం వదిలించాడు. దమ్మున్నవాడు చూపిస్తాడు. హత్య చూపిస్తే చేతులకి విలువ పోయిందన్నారు, విలువ పోయింది శానిటైజర్‌తో. ఇప్పటి పిల్లలకి ప్రతీదీ మనం రోజూ వాడే వస్తువైపోవాలి. రాజుకి ఫోను, రాణికి ఫోను, దెయ్యానికో ఫోను.

ఆ పిల్లకి 11 సబబే. చీకట్లో కూడా గొంతు ఉంటుంది కదా.

జాలారిపేట కుమారి:

మాస్టారూ, లైట్ల సంగతి నాకు తెలీదు. నేను పుట్టి పెరిగింది జాలారిపేటలో. మా అమ్మ జెట్టీ మీద చేపలు వేలంలో పాడుకుని గంపెత్తి అమ్మింది, మా నాయనమ్మ ఎండుచేపలమ్మేది. ఇప్పుడు నేనొక ఆసుపత్రిలో నర్సుని. మీరు పూర్తి మార్కులు వేసిన నోళ్ళ గురించి చెప్పాలి.

మా నాయనమ్మ అడ్డపొగ పీల్చేది. నిప్పు నోట్లోపల పెట్టుకునేది. ఎందుకే అలగ అనడిగితే, ఒడ్డు మీద గాలికి చుట్ట ఆరిపోద్ది కదే అనేది. చివరికి అంగిట్లో పుండు పడింది. మెతుకు మింగలేకపోయింది, గంజి కూడా మండేది. ఈ పుళ్ళు అడ్డపొగ వాళ్ళకే అంగిట్లో ఎక్కువొస్తాయని చదువుకున్నాక తెలిసింది. మీకు చీకట్లో ఎర్రగా అద్భుతంగా కనపడింది మాకు అది. మీరు తప్పుగా చూశారని అనట్లేదు, చూడ్డానికి అలగే ఉంటాది, మా చిన్నప్పుడు మేమూ చీకట్లో నోరు తెరిపించి ఆడుకునేవాళ్ళం. కానీ ఆ పిల్లలకి అందులో వింత కనపడింది, ముసలిది కనపళ్ళేదు.

రెండోది ఇంకా పెద్దది. మా వైపు చిల్లంగి, అంటే చేతబడి, అన్న పేరు ఎవరి మీదన్నా పడిందంటే అది ఆటకాదు. చిల్లంగి పెట్టారన్న అనుమానంతో మన్యంలో మనుషుల్ని చంపేసిన వార్తలు పేపర్లో చదువుతూనే ఉన్నాం కదా. స్కాట్లండులో మంత్రగత్తె అంటే మనకి కథ. ఇక్కడికి తెచ్చి మా ముసలోళ్ళ మీద పెడితే కథ కాదు.

అయినా, వేట నిషేధం రోజుల్లో సరంగు దగ్గరకొచ్చి, నీకు సొంత బోటొస్తాది, నువ్వే షావుకారువవుతావు అని చెవిలో ఊదేది ఎండుచేపల ముసలమ్మ కాదు మాస్టారూ. వడ్డీకిచ్చేవాడు. ముగ్గురు ఫైనాన్సోళ్ళని పెట్టుంటే మా పేటలో ప్రతివాడూ గుర్తుపట్టును. జోస్యం చెప్పేదీ వాళ్ళే, చివర్లో బోటు లాక్కుపోయేదీ వాళ్ళే.

ఆపరేషన్ అని నవ్వినావిడని మాత్రం నేనేం అనను. నేనున్నా నవ్వును.

వింగ్‌లో నిలబడ్డవాడు:

సార్, ఇది రాయొచ్చో లేదో తెలీదు. నేను ఆ నాటకానికి సామాన్లు చూసుకున్నవాణ్ణి. నటి పేరూ కాలేజీ పేరూ దయచేసి ఎవరూ ఇక్కడ రాయకండి. తను ఈ చర్చ చదివింది, ఏడవలేదు, కానీ రాయమన్నదీ తనే.

ఆ సీన్లో శానిటైజర్ అసలు లేదు. 40 రోజుల రిహార్సల్లో ఏ రోజూ లేదు. ఉన్నది ఒక పెద్ద స్టీలు బేసిన్, నిండా నీళ్ళు. తను నడిచొచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, ఫోన్ని బేసిన్ అంచుకి లోపలివైపు ఆనించేది, టార్చి నీళ్ళలోకి పడేలాగ. అడుగున స్టీలు కదా, వెలుగు తిరిగి పైకి లేచి ముఖం మీద పడేది. చేతులు ముంచి కడుగుతుంటే నీళ్ళు కదిలి ముఖమంతా వెలుగు వణికేది. మేం ఆ సీనుకి వేరే లైటే పెట్టుకోలేదు. దర్శకుడు టార్చి పెట్టింది అందుకే, మోడ్రన్‌గా ఉంటుందని కాదు.

ఆట రోజు సాయంత్రం నాలుగింటికి హాలు వాళ్ళు స్టేజీ మీద నీళ్ళు కుదరవన్నారు. చెక్కల కింద వైర్లు పోతున్నాయి, ఒక్క చుక్క కూడా వద్దన్నారు. వాళ్ళ భయం వాళ్ళది, మేం ముందే అడిగుండాల్సింది. ఆ తప్పు నాది. ఖాళీ బేసిన్ పెట్టి చూశాం. చేతులు తగిలి గిన్నెలు తోముతున్నట్టు ఖంగుమంది. తీసేశాం. గ్రీన్‌రూంలో మేకప్ సామాన్ల పక్కన శానిటైజర్ సీసా కనపడితే, దీంతో చేద్దాం అన్నది ఎవరో ఇప్పుడు ఎవరం ఒప్పుకోవట్లేదు. స్పాట్ అడిగాం. ఆపరేటరు, ఉన్న ఆరు లైట్లూ వెయ్యడమో ఆర్పడమో, మధ్యలో ఏమీ లేదన్నాడు.

మీరు నోట్‌బుక్కులో రాసింది చదివి తను ఒక్క మాటంది. "నా కళ్ళు బేసిన్ ఉండాల్సిన చోటికి వెళ్ళాయిరా, ఆపుకోలేకపోయాను."

మేడం గారూ, తలుపు చప్పుడు గురించి మీరన్నది నిజం. ఫోన్ వైబ్రేషన్ నా ఐడియా. మళ్ళీ వేస్తే ఇనపగేటు గొళ్ళెం కొట్టిస్తాను. కుమారి గారూ, మీరు రాసింది ముసలమ్మలు వేసిన ముగ్గురికీ చూపించాను. వాళ్ళు మిమ్మల్ని కలవొచ్చా అని అడుగుతున్నారు.

పాతపోస్టాఫీసు:

వరసగా చెప్తాను.

కుమారిగారూ, మీకు చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. హార్బర్ పక్కనే ముప్ఫై ఏళ్ళు పనిచేశాను, ఆ ముసలమ్మల దగ్గర చేపలు కొన్నాను, బేరం ఆడాను. స్టేజీ మీద ఆ వెలుగు చూసి మార్కులు వేసేటప్పుడు వాళ్ళలో ఒక్క ముఖం కూడా గుర్తుకు రాలేదు. ఫైనాన్సోళ్ళ ఆలోచన మాత్రం ఆ పిల్లలు తప్పకుండా తీసుకోవాలి. రెండో దర్శనంలో, మాక్‌బెత్ తనే వాళ్ళని వెతుక్కుంటూ వెళ్ళే చోట, అది ఇంకా బాగా కూర్చుంటుంది. అప్పు మీద అప్పు కోసం మనమే కదా మళ్ళీ వెళ్తాం.

గళమెత్తినవారూ, ఊరుభంగం గుర్తుచేశారు, సంతోషం. కానీ అక్కడ దుర్యోధనుడు చస్తూ మాట్లాడతాడు, కొడుకు ఒళ్ళో కూర్చోబోతే కూర్చోబెట్టుకోలేని కాళ్ళతో. సీసీటీవీలో షావుకారు మాట్లాడడు. ఎవడో ఎవణ్ణో పొడుస్తున్నాడు, మూలన టైము పడుతోంది. వార్తల్లో రోజూ చూసేదే. గొంతు సంగతి ఒప్పుకుంటున్నాను, 'నీచు' అన్న మాట దగ్గర ఆ పిల్ల ఒక్క క్షణం ఆగి ఉంటే నవ్వు దానంతటదే చచ్చిపోయేది. నవ్వు మీద మాట వేసేసింది. అది అనుభవం మీద వచ్చే పని, ఇరవయ్యేళ్ళ పిల్లకి రాకపోవడం నేరం కాదు. అయినా నటన గడిలోదే, అక్కడ నేను కోసిన మార్కులు నిలబడతాయి.

చూపు దగ్గర కోసినవి నిలబడవు. 40 రోజులు నీళ్ళలోకి చూసిన కళ్ళు నీళ్ళు లేకపోయినా అక్కడికే వెళ్ళాయి. ఆ సీను కూడా అదే కదా, లేని మరకని చూడ్డం. నేను లోపమని రాసుకున్నది ఆ రాత్రి ఆ స్టేజీ మీద జరిగిన ఒకే ఒక్క నిజమైన నిద్రనడక. షీట్లు ఇచ్చేశాం, బహుమతులు పంచేశారు, ఇప్పుడు మార్చడానికి లేదు. మార్చకూడదు కూడా. జడ్జీ కనపడినదానికే వెయ్యాలి, వింగులో ఏం జరిగిందో లెక్కలోకి తీసుకుంటే ప్రతి టీముకీ ఒక కథ ఉంటుంది. కానీ కనపడినదాన్నే నేను సరిగ్గా చూడలేదు. అది వేరే సంగతి.

రాత్రి పదకొండింటికి వంటింట్లో లైటార్పి ప్రయత్నం చేశాను. స్టీలు బేసిన్లో నీళ్ళు పోసి, ఫోన్ అంచుకి ఆనించి, కిటికీ అద్దంలో నా ముఖం చూసుకున్నాను. బాబు చెప్పింది నిజమే. చెయ్యి ముంచగానే గోడంతా, ముఖమంతా వెలుగు పాకింది. కానీ ఆ తెలుపు చూస్తే ఆసుపత్రి కారిడార్లో ఉన్నట్టుంది. అటక మీంచి మా అమ్మ ఇత్తడి గంగాళం దించాను. అదే నీళ్ళు, అదే ఫోను. వెలుగు పసుపుగా లేచింది, అచ్చం దీపంలా. హాల్లోంచి మా ఆవిడ, "ఈ టైములో ఏం కడుగుతున్నారండీ అన్నిసార్లు" అని కేకేసింది.

వింగ్‌లో నిలబడ్డ బాబూ, మళ్ళీ ఎప్పుడు వేస్తారో, నీళ్ళకి ఒప్పుకునే హాలు దొరికిందో లేదో చెప్పు. గంగాళం నేను ఆటోలో తెస్తాను. తెల్ల వెలుగు కావాలో పసుపు కావాలో మీ దర్శకుణ్ణి కాదు, ఆ అమ్మాయిని అడుగు.